నేర్పే కలం

కళ నిలవాలంటే కళాకారుడు నిలవాలి. కళాకారుడు నిలవాలంటే అతని చేతిపనికి తగిన వెల రావాలి. తగిన వెల రావాలంటే ఆ పనిలోని శ్రమ ఎంతటిదో, నేర్పు ఎటువంటిదో కొనేవారికి తెలియాలి. చేతివృత్తుల భవితవ్యం గురించి ఎన్ని సభలు జరిగినా, ఎన్ని నివేదికలు వెలువడినా, చివరకు ప్రశ్న ఈ మూడు మాటల దగ్గరే వచ్చి ఆగుతుంది. మొదటి రెండు మాటలను అందరూ అంగీకరిస్తారు. మూడవ మాటను మాత్రం చాలామంది మరచిపోతారు.

పూర్వం ఈ మరుపుకు అవకాశం లేదు. కొనేవాడు చేసేవాడి ముంగిటికే వచ్చేవాడు. కుమ్మరి సారె తిరుగుతుండగా కుండను ఎంచుకునేవాడు. మగ్గం గుంటలో దిగిన నేతగాని కాళ్ల కదలికను చూస్తూ చీర బేరం చేసేవాడు. కంసాలి కొలిమి ఎదుట కూర్చొని తన బంగారం కరగడం కళ్లారా చూసేవాడు. ఆ ముంగిలి అంగడి మాత్రమే కాదు, ఒక బడి కూడా. అక్కడ గడిపిన ఘడియలో కొనేవాడికి పని తెలిసేది. పని తెలిసినవాడికి వెల తెలిసేది. కాలక్రమంలో చేసేవాడికీ కొనేవాడికీ నడుమ దళారులు వచ్చారు, అంగళ్లు వచ్చాయి, అద్దాల బీరువాలు వచ్చాయి. వస్తువు మిగిలింది, ముంగిలి పోయింది. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెత చేతివృత్తులవారి పట్ల అక్షరాలా నిజమైంది.

పోయిన ఆ ముంగిలిని తిరిగి తెచ్చుకొనే మార్గం ఒకటి ఇటీవలి కాలంలో కనిపించింది. అదే ఆన్‌లైన్ కార్యశాల. చిన్న వ్యాపారి గాని, చేతిపనివాడు గాని తన ఇంట్లోనే కూర్చొని, సెల్‌ఫోను ఎదుట తన పనిని చేసి చూపుతూ, దూరాన ఉన్నవారిచేత కూడా కొంత చేయించడమే ఈ కార్యశాల స్వరూపం. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై, ప్రదర్శనలు, సంతలు, యాత్రాస్థలాల అంగళ్లు మూతపడినప్పుడు ఎందరో వృత్తి కళాకారులు ఈ దారి పట్టారు. ఆ గడ్డుకాలం గడిచిపోయినా దారి మాత్రం నిలిచి ఉంది. ఈ దారి నడవదగినదేనా, నడిస్తే ఏయే జాగ్రత్తలు అవసరం అన్నది ఆలోచించవలసిన విషయం. ఇందుకు తెలుగునేలకు ప్రపంచఖ్యాతి తెచ్చిన కలంకారీని ఉదాహరణగా గ్రహించవచ్చు.

తెలుగునాట కలంకారీ రెండు రీతులు. తిరుపతి జిల్లాలో స్వర్ణముఖీ నదీతీరాన ఉన్న శ్రీకాళహస్తిలో కలంతో చేతిగీతగా చిత్రించే పద్ధతి ఒకటి. కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో చెక్కిన కొయ్య అచ్చులతో అద్దే పద్ధతి రెండవది. ఈ రెండు రీతులూ భౌగోళిక గుర్తింపు చట్టం కింద నమోదై ఉన్నాయి. శ్రీకాళహస్తి పద్ధతిలో వస్త్రాన్ని ముందుగా శుభ్రపరచి, కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల సిరా గుడ్డపై చెదరదు. చింతబరికెల బొగ్గుతో రూపురేఖలు గీస్తారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి పులియబెట్టి నల్ల సిరా తయారుచేస్తారు. వెదురుపుల్ల మొన చెక్కి, దానికి గుడ్డ గాని ఉన్ని గాని చుట్టి, దారంతో బిగిస్తే అదే కలం. పటిక నీరు పూసినచోట మంజిష్ఠ వంటి వేళ్ల నుండి ఎరుపు పట్టుతుంది. కరక పువ్వు, దానిమ్మ తొక్కల నుండి పసుపు, నీలిమొక్క నుండి నీలం లభిస్తాయి. ఒక రంగు వేయడం, ఉడికించడం, పారే నీటిలో ఉతకడం, ఎండబెట్టడం, మళ్లీ మరొక రంగు వేయడం, ఇలా ఒక్క వస్త్రం ఎన్నో దశలు దాటి గాని పూర్తి కాదు.

ఇంత శ్రమతో తయారైన వస్త్రం పక్కనే, యంత్రంపై కొన్ని నిమిషాలలో ముద్రించిన నకలు అంగడిలో కనబడుతుంది. దానిమీద కూడా అవే నెమళ్లు, అవే లతలు, అదే పేరు. వెల మాత్రం ఎన్నో రెట్లు తక్కువ. కొనేవాడు చవకైనదాన్నే తీసుకుంటాడు. అతన్ని నిందించి ప్రయోజనం లేదు. రెండింటికీ గల భేదం అతనికి ఎవరూ చెప్పలేదు. చట్టం పేరును కాపాడగలదు గాని, కొనేవాడి కంటికి చూపునివ్వలేదు. నకిలీకి బలం యంత్రంలో లేదు. కొనేవాడి అజ్ఞానంలో ఉంది. ఆ అజ్ఞానం తొలగినప్పుడే అసలైన పనికి అసలైన వెల వస్తుంది. కార్యశాల చేసే మొదటి ఉపకారం ఇదే.

ఒక చిన్న ప్రదర్శనను ఊహించుకోవచ్చు. కళాకారుడు కెమెరా ఎదుట రెండు గుడ్డముక్కలు పరుస్తాడు. ఒకటి మామూలు నూలుగుడ్డ, రెండవది కరక్కాయలో నానినది. ఒకే కలంతో, ఒకే సిరాతో రెండింటిమీదా గీత గీస్తాడు. మామూలు గుడ్డమీద వెలిసిన మరకలా కనబడే గీత, రెండవ గుడ్డమీద చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుమూ కరక్కాయలోని వగరూ కలిసి నలుపు పుట్టిస్తాయని అతడు చెబుతాడు. ఇది చూసినవారు ఆ నలుపును జన్మలో మరువరు. తరువాత వారు కూడా కలం పట్టి ఒక ఆకు గీసే ప్రయత్నం చేస్తారు. కలాన్ని ఎక్కువగా నొక్కితే సిరా ముద్దగా కారుతుంది, తక్కువగా నొక్కితే గీత తెగుతుంది. గంటసేపు శ్రమించి ఒక్క ఆకు సరిగా గీయలేకపోయినవారు, ఆరుగజాల చీరనిండా లతలు అల్లిన చేతిని చూసి వెల ఎక్కువని అనలేరు. వేయి ప్రకటనలు చేయలేని పనిని ఆ వంకర ఆకు చేస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినబడుతుంది. తరతరాలుగా దాచుకున్న విద్యను తెరమీద పరిచేస్తే, నేర్చుకున్నవారే పోటీదారులు కారా? కొనవలసినవారే చేసుకోవడం మొదలుపెడితే అమ్మేవాడి గతి ఏమిటి? ఈ భయం అర్థంలేనిది కాదు. దానికి చరిత్రలో ఆధారం కూడా ఉంది. పదిహేడవ శతాబ్దంలో కోరమాండల్ తీరపు రంగుబట్టలు ఐరోపాను ముంచెత్తాయి. అక్కడి నేతపనివారు తట్టుకోలేక ఆందోళన చేయగా, ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700, 1721 సంవత్సరాల చట్టాలతో ఆ బట్టలను అడ్డుకున్నాయి. ఆ రంగులు నీటికి వెలవకుండా ఎలా నిలుస్తున్నాయన్న రహస్యం కోసం ఐరోపావారు ఎంతో ఆరాటపడ్డారు. సంస్కృతానికీ ఐరోపా భాషలకూ గల బంధుత్వాన్ని గుర్తించిన తొలి పండితులలో ఒకడైన ఫ్రెంచి మతగురువు కోర్డూ, 1742లో ఇక్కడి అద్దకపువారి వద్ద తెలుసుకున్న విధానాన్ని లేఖగా రాసి స్వదేశానికి పంపాడు. ఆ లేఖ అచ్చయింది. చెప్పినవారి పేర్లు మాత్రం లోకానికి తెలియలేదు.

అయితే ఈ చరిత్రను జాగ్రత్తగా చదవాలి. ఇక్కడి అద్దకపువారిని దెబ్బతీసినది ఆ ఒక్క లేఖ కాదు. మొదట చట్టాలు దెబ్బతీశాయి. ఆ తరువాత 1783లో థామస్ బెల్ పేటెంటు పొందిన రోలరు ముద్రణ యంత్రం వంటివి దెబ్బతీశాయి. యంత్రం చేతిపని రహస్యాన్ని నేర్చుకొని గెలవలేదు. ఆ రహస్యం అవసరమే లేని మరో దారిలో గెలిచింది. నేటి నకిలీ కూడా కరక్కాయనూ ఇనుపసిరానూ ఎరుగదు. కాబట్టి విద్యను దాచినంత మాత్రాన నకిలీ ఆగదు. ఆ లేఖ కథలో అసలు అన్యాయం వేరొకటి ఉంది. విద్య చెప్పినవారికి పేరూ దక్కలేదు, ప్రతిఫలమూ దక్కలేదు. నేర్పడం తప్పు కాదు. ఎవరి పేరుతో, ఎవరి లాభానికి నేర్పుతున్నామన్నది ముఖ్యం. కళాకారుడు తన ముఖంతో, తన గొంతుతో, తన ఊరి పేరు చెప్పి నేర్పినప్పుడు ఆ విద్యపై అతని ముద్ర నిలుస్తుంది.

పైగా, ఈ కళను బ్రతికించినది కూడా బోధనే. క్షీణదశలో ఉన్న శ్రీకాళహస్తి కలంకారీని 1950 దశకంలో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఏర్పడిన శిక్షణ కేంద్రం ఆదుకుంది. అప్పటికి మిగిలిన కొద్దిమంది చేతులలోని విద్య తరువాతి తరానికి అందింది. 2008లో పద్మశ్రీ పురస్కారం అందుకున్న జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి వంటివారు ఆ పరంపరను కొనసాగించారు. నాడు గురువులు విద్యను దాచుకొని ఉంటే నేడు అమ్ముకొనే వస్తువే ఉండేది కాదు. ఇచ్చినకొద్దీ పెరిగేది విద్య ఒక్కటే అని పెద్దలు చెప్పే మాట ఇక్కడ నీతివాక్యం మాత్రమే కాదు, జరిగిన చరిత్ర.

ఇక, రెండు గంటల కార్యశాలతో ఎవరూ కళాకారులు కాలేరన్నది స్పష్టం. వంటలో ఒక పాఠం విన్నవారు హోటలుకు పోవడం మానరు. మంచి వంటను గుర్తుపట్టడం నేర్చుకుంటారు. సంగీతంలో సరళీస్వరాలు నేర్చినవారే కచేరీలో ముందు వరుసలో కూర్చుంటారు. నేర్చినవారిలో నూటికి ఒకరు పోటీదారు అయితే కావచ్చు. మిగిలినవారు రసజ్ఞులు అవుతారు. ఏ కళకైనా రసజ్ఞుల కొరతే పెద్ద కొరత.

అయినంత మాత్రాన ఎలా నిర్వహించినా మేలే జరుగుతుందని అనుకోరాదు. కార్యశాల పేరుతో జనాన్ని పిలిచి, పాఠం పావుగంట, అమ్మకం ముప్పావుగంట సాగించేవారు ఉన్నారు. నేర్పుతామని పిలిచి అమ్మజూపడం మోసం. అటువంటి చోటికి ఒకసారి వెళ్లినవారు రెండవసారి రారు. మరొకరి కార్యశాలను కూడా నమ్మరు. పాఠం పాఠంగా పూర్తి కావాలి. ఏమీ కొనకుండా వెళ్లినవాడు కూడా ఏదో ఒకటి నేర్చుకున్నానన్న తృప్తితో వెళ్లాలి. అమ్మకపు మాట చివర ఒక్కసారి, సూటిగా చెబితే చాలు. తన దగ్గర ఏయే వస్తువులు ఉన్నాయో, వాటిలో ఏది చేతిగీతో, ఏది అచ్చో, ఏది రసాయనిక రంగో నిజాయితీగా చెప్పడమే మంచి వ్యాపారం. పాల్గొన్నవారి ఫోను నంబర్లు చేతికి వచ్చాయి కదా అని వారి అనుమతి లేకుండా నిత్యం సందేశాలు పంపడం, ఇతరులకు ఆ నంబర్లు ఇవ్వడం మర్యాద కాదు. వ్యక్తిగత సమాచార రక్షణ కోసం 2023లో పార్లమెంటు చట్టం చేసిన సంగతి చిన్న వ్యాపారి కూడా గుర్తుంచుకోవాలి.

రెండవ జాగ్రత్త ప్రతిఫలానికి సంబంధించినది. మహాభారతంలో ఏకలవ్యుడు ద్రోణుని మట్టిబొమ్మను ఎదుట నిలుపుకొని విలువిద్య నేర్చాడు. గురువు ఎదుట లేకపోయినా విద్య అబ్బుతుందని ఆ కథ చెబుతుంది. కాని విద్యకు ఏమి చెల్లించాలో ముందుగా తేలకపోవడం వల్ల చివరకు బొటనవేలు పోయిందని కూడా ఆ కథే చెబుతుంది. నేటి ఆన్‌లైన్ లోకంలో బొటనవేలు పోగొట్టుకొనే ప్రమాదం శిష్యునికి కాదు, గురువుకు. అన్నీ ఉచితంగా దొరకాలన్న అలవాటు జనంలో పెరిగింది. ప్రచారం కోసం అంటూ కళాకారుడు తన పనిదినాలను ధారపోస్తే, ఆ రోజుల కూలి ఎవరిస్తారు?

ఒక చిన్న లెక్కతో ఈ విషయం తేటపడుతుంది. ఒక కార్యశాలలో 20 మంది చేరి, ఒక్కొక్కరు 600 రూపాయలు చెల్లించారనుకుందాం. మొత్తం 12,000 రూపాయలు. నానబెట్టిన గుడ్డ, కలం, సిరా సీసా ముందుగా తపాలాలో పంపడానికి మనిషికి 250 రూపాయల చొప్పున 5,000 ఖర్చయిందనుకుందాం. మిగిలేది 7,000. సామగ్రి సిద్ధం చేయడం, కట్టలు కట్టడం, పాఠం చెప్పడం, ఆ తరువాత సందేహాలు తీర్చడం అన్నీ కలిపి ఇద్దరు మనుషులకు నాలుగు రోజుల పని అయితే, ఒక్కొక్కరికి రోజుకు 875 రూపాయలు దక్కుతాయి. ఇది అమ్మకం మీద ఆధారపడని ఆదాయం. ఒక్క చీర అమ్ముడు కాకపోయినా కూలి గిట్టుతుంది. అదే కార్యశాల ఉచితమైతే 5,000 రూపాయలు చేతినుంచి పోతాయి, ఎనిమిది పనిదినాలు కూడా పోతాయి. కనుక అరగంట పరిచయ ప్రదర్శన ఉచితంగా ఇవ్వవచ్చు గాని, చేత్తో చేయించే పాఠానికి రుసుము ఉండడమే న్యాయం. రుసుము చెల్లించినవారు శ్రద్ధగా కూర్చుంటారు కూడా.

నిర్వహణలో కొన్ని మెలకువలు కూడా ఉన్నాయి. కళాకారుని ముఖంకంటె అతని చేయి కనబడడం ముఖ్యం. కనుక ఒక ఫోనును పైనుంచి చేతి వైపు అమర్చాలి. వెలుతురు ఎడమపక్క నుంచి వస్తే, కుడిచేత్తో గీసేవారి నీడ గీతమీద పడదు. ఇరవై మందికి మించితే ఒక్కొక్కరి పనినీ చూసి దిద్దడం కష్టం. ఉచితంగా లభించే సమావేశ సదుపాయాలకు కాలపరిమితి ఉంటుంది కాబట్టి, పాఠాన్ని భాగాలుగా విభజించుకోవాలి. ఎవరి అనుమతితో పాఠం రికార్డు అవుతుందో ముందే చెప్పాలి. అన్నిటికంటె ముఖ్యం, చెప్పిన రోజున, చెప్పిన వేళకు మొదలుపెట్టడం. వేళ తప్పిన బడికి పిల్లలు రారు.

ఈ పని ఒంటరిగా చేయదగినది కాదు. అరవై ఏళ్లు కలం పట్టిన తాతకు ఫోను తెరమీద ఏది నొక్కాలో తెలియకపోవచ్చు. ఇంటర్మీడియట్ చదువుతున్న మనవరాలికి ఫోను తెలుసు గాని, కలం తెలియకపోవచ్చు. "ఈ చదువు చదివి ఈ పనిలోకి ఎందుకమ్మా?" అని తాత అనవచ్చు. వృత్తిలో తాను పడిన కష్టం మనవరాలు పడకూడదన్న ప్రేమ ఆ మాటలో ఉంది. కాని కార్యశాల నడిపే రోజున ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చోక తప్పదు. ఆమె ఫోను సరిచేస్తుంది, పాల్గొన్నవారి ప్రశ్నలు చదివి వినిపిస్తుంది, తమిళులో కన్నడిగులో ఇంగ్లీషులో అడిగితే తాత మాటను వారికి అర్థమయ్యేలా చెబుతుంది. లెక్కలు రాస్తుంది. నలుగురికి వివరించి చెప్పే క్రమంలో, ఇంట్లో పుట్టి పెరిగినా తాను ఏనాడూ అడగని ప్రశ్నలకు జవాబులు ఆమెకు కూడా తెలుస్తాయి. దూరాన ఉన్న ఇరవై మందికోసం పెట్టిన బడిలో ఇరవై ఒకటవ విద్యార్థి ఆ ఇంటిలోనే తయారవుతుంది. చేతివృత్తులకు వారసులు లేరన్న బాధకు ఇంతకంటె మంచి ఓదార్పు ఉండదు.

కలంకారీకి చెప్పిన మాటే ఏటికొప్పాక లక్కబొమ్మలకు, కొండపల్లి కొయ్యబొమ్మలకు, పోచంపల్లి చిటికి నేతకు కూడా వర్తిస్తుంది. చేతివృత్తే కానక్కరలేదు. ఊరగాయలు పెట్టి అమ్మే గృహిణి ఆవపిండి పాళ్లు ఎందుకు ముఖ్యమో చెప్పవచ్చు. మొక్కల నర్సరీ నడిపే రైతు అంటు కట్టడం చూపవచ్చు. కుట్టు మిషన్లు అమ్మిన సంస్థలు కుట్టుపని తరగతులు నడిపి తమ మిషన్లకు గిరాకీ పెంచుకున్న సంగతి పాతదే. సాధనం మారింది గాని సూత్రం మారలేదు. తెలిసినవాడే మెచ్చుతాడు, మెచ్చినవాడే కొంటాడు.

ఆన్‌లైన్ కార్యశాల సర్వరోగ నివారిణి కాదు. ముడిసరుకు ధరలను అది తగ్గించలేదు, దళారీని పూర్తిగా తొలగించలేదు, అప్పులను తీర్చలేదు. ఆ పనులకు ప్రభుత్వమూ సహకార సంఘాలూ పూనుకోవాలి. కాని చేసేవాడికీ కొనేవాడికీ నడుమ తెగిన మాటను అది తిరిగి కలుపుతుంది. అందుకు కావలసిన ఫోను నేడు చాలా ఇళ్లలో ఉంది. దానిని వాడే నేర్పు యువతరం చేతిలో ఉంది. తమ ఊళ్లో, తమ వీధిలో, తమ ఇంట్లోనే ఉన్న ఒక చేతిపనిని నలుగురికీ చూపడానికి విద్యార్థులు పూనుకుంటే, ఆ చేతికి అన్నం దొరుకుతుంది, ఆ పనికి గౌరవం దొరుకుతుంది. వంకరగా గీసినా సరే, ఒక ఆకు గీసి చూసినవారికే లత విలువ తెలుస్తుంది.